కరిగిన పిస్టన్

ఉదయం 6:12కి కారు పల్టీ కొట్టింది. 6:50కి సీఐ నీలావతి అది పడిన గుంతలోకి దిగింది.

పెనుకొండ దగ్గర ఇంకా తెరవని కొత్త రోడ్డు. జనవరి చలి. స్టీరింగ్ వెనుక సునీల్. ఇరవై నాలుగేళ్ళు. ప్రాణం లేదు.

ఇంజన్ పక్కన పిడికిలి పట్టేంత రంధ్రం. లోపలి రాడ్ పొడుచుకుని బయటికి వచ్చింది. నూనె టైర్ల మీద చిమ్మింది. అంత వేగంలో కారు ఇక ఎవరి మాట వింటుంది?

డిక్కీలో నీలం సిలిండర్. నైట్రస్ ఆక్సైడ్. ఇంజన్ బలం పెంచే గ్యాస్.

మధ్యాహ్నానికి సునీల్ తండ్రి చౌడప్ప వచ్చాడు. ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేస్తాడు. ఒక్కడే కొడుకు.

"గ్యాస్ బిగించింది హిందూపురం మెకానిక్ ఏసుదాసు మేడమ్. నా బిడ్డను సంపినాడు. వాడు జైల్లో కుళ్ళాల."

ఫిర్యాదు రాసి సంతకం పెట్టాడు.

2:30కి ఏసుదాసును తీసుకొచ్చారు.

"ఎంత పవర్ పెంచినావు?"

"యాభై హార్స్‌పవర్ మేడమ్. ఆ ఇంజన్ తట్టుకునేది అంతే."

"ఇంకొంచెం పెంచితే?"

"ఈ గ్యాస్ తనంతట తాను మండదు. వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తాది. దానికి తగ్గ పెట్రోలు పోవాల. చాలకపోతే పిస్టన్ కరుగుతాది. ఎద్దు లాగేంత బరువే బండికెత్తాల గదా. నేను ఒక్క పాయింటు కూడా ఎక్కువ పెట్టలేదు."

మర్నాడు 11 గంటలకు ఇంజన్ విప్పారు. మూడో పిస్టన్ మైనంలా కరిగి ఉంది. మెకానిక్ పని అయిపోయిందని స్టేషనంతా తేల్చేసింది. ఇంజనీరింగ్ చదవని ఇంజనీర్లకు మన ఊళ్ళలో కొదవా?

నీలావతి గ్యాస్ వచ్చే రంధ్రం కొలిపించింది. ఏసుదాసు చెప్పిన సైజే. పెట్రోలు పంపు బాగుంది. మరి గ్యాస్ ఎందుకు ఎక్కువైంది?

సిలిండర్ ఫోటో ఏసుదాసు ముందు పెట్టింది. అతను చాలాసేపు చూశాడు.

"నాదే తప్పు మేడమ్. రాసుకోండి."

నిన్నంతా కాదన్నవాడు ఒక్క ఫోటోతో అవునన్నాడు. నీలావతి ఫోటో తన వైపు తిప్పుకుంది. తెల్ల లేబుల్ మీద ముదురు ఎరుపు. కానిస్టేబుల్ రిపోర్టులో రక్తపు మరక అని రాశాడు.

సునీల్ ముందు సీట్లో పోయాడు. సిలిండర్ వెనక డిక్కీలో ఉంది. పైగా రక్తం చిందుతుంది. ఈ ఎరుపు సిలిండర్ చుట్టూ ఉన్న లేబుల్ మీద ఒకే ఎత్తులో గీత గీసినట్టు ఆగిపోయింది.

సునీల్ స్నేహితుడు శ్రీకాంత్‌కు ఫోన్ చేసింది. సునీల్ చివరి పరుగును మొబైల్లో వీడియో తీసింది అతనే.

"ముందురోజు కారు ఎట్లా పోయిందప్పా?"

"సరిగా పోలేదు మేడమ్. చలికి సిలిండర్లో ప్రెషర్ రాలేదు. బెంగుళూరు రేసుకు నాలుగు రోజులే ఉండాదని సునీల్ శానా దిగులు పడినాడు. ఇంట్లో నాయనకు కూడా చెప్పుకున్యాడంట."

నీలావతి ఫోన్ పెట్టేసింది. కేసు తేలిపోయింది. కానీ ఆమెకు సంతోషం కలగలేదు. 

సాయంత్రం 4 గంటలకు చౌడప్ప, ఏసుదాసు, శ్రీకాంత్ ముగ్గురినీ తన గదిలో కూర్చోబెట్టింది. ఏసుదాసును చూడగానే చౌడప్ప మొహం తిప్పుకున్నాడు.

"చౌడప్పన్నా, నిన్న పొద్దున ఇంట్లో ఏం జరిగింది?"

"మేడమ్, వద్దు," అన్నాడు ఏసుదాసు. "నేను ఒప్పుకున్యా గదా. ఆయప్పను వదిలేయండి."

"చెయ్యని తప్పుకు నిన్ను జైలుకు పంపలేనయ్యా. చెప్పన్నా."

చౌడప్ప తడుముకోకుండా చెప్పాడు.

"నాలుగుకు లేసినా. రంగు నీళ్ళు కాచే కాగు కింద మంట పెట్టినా. చలికి గ్యాస్ వస్తల్యేదని పిల్లోడు రాత్రి అన్నం సరిగా తినల్యా. పెండ్లిండ్లలో వంటోళ్ళు సిలిండర్ను వేడినీళ్ళలో పెడతారు గదా. అట్లనే కాగులో అరగంట పెట్టి, తుడిచి ఇచ్చినా. 'నాయనా, వెచ్చగా ఉండాదే' అని నవ్వినాడు. చీకట్లోనే బిగించుకుని పోయినాడు."

 శ్రీకాంత్ తల దించుకున్నాడు.

చౌడప్ప ఒక్కొక్కరి మొహం చూశాడు. "ఏమైంది మేడమ్?"

నీలావతి మెల్లగా చెప్పింది. గ్యాస్ వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుంది. కొంచెం వెచ్చదనం మేలే. హద్దు దాటితే అదే రంధ్రంలోంచి గ్యాస్ ఎక్కువ తోసుకొస్తుంది. పెట్రోలు మాత్రం ఎప్పటిలాగే పోతుంది. ఆ ఎరుపు రక్తం కాదు, కాగులోని రంగు. ఫోటోలో ఏసుదాసు గుర్తుపట్టింది అదే.

"నువ్వు కావాలని చెయ్యలేదన్నా. ఇది యాక్సిడెంట్. అట్లనే రాస్తా."

"ప్రెషర్ మీటరు ముల్లు తొమ్మిది వందలు దాటితే గ్యాస్ బటన్ నొక్కొద్దని సునీల్‌కు చెప్పినా," అన్నాడు ఏసుదాసు. "మీకు కూడా చెప్పుండాల్సింది పెద్దాయనా. నాకు తోచల్యా."

చౌడప్ప ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఫిర్యాదు కాగితం అడిగాడు. నీలావతి ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

లేచి తలుపు దాకా వెళ్ళి, ఆగి ఏసుదాసు వైపు చూశాడు.

"ఈ పిల్లోనికి నాయన ఉండాడా?"

"ఉండాడు. హిందూపురంలో," అంది నీలావతి.

"అయితే బిరీన పంపియ్యమ్మా. ఎదురుచూస్తాంటాడు."