బొక్కల గోళీలు

తెల్లవారగానే సుక్కమ్మకు ఒక పని ఉంటుంది. ఏడేళ్ల మనవరాలు స్నిగ్ధను వాకిట్లో నిలబెట్టి, పాదాలు దగ్గరికి జరిపించి, కాళ్లు తిన్నగా ఉన్నాయో లేదో తడిమి చూస్తుంది.

"అవ్వా, బడికి టైమైతాంది. జల్ది సూడు!"

కోడలు శైలజకు ఇదంతా చాదస్తంగా ఉండేది. మర్రిగూడలో ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి వంగిపోయిన మనుషుల మధ్య పెరగలేదామె, పుట్టిల్లు కొత్తకోట. అయినా అత్త మోకాళ్ల బాధ చూడలేక నల్లగొండ దవాఖానకు తీసుకుపోయింది. "ఈ కాల్షియం గోళీలు ఎముకలకు, కీళ్లకు కొంత ఆసరా. వంగినదాన్ని మళ్లా నిలబెట్టవు. పాలు, రాగులు తింటూ వేసుకోవాలి" అన్నాడు డాక్టరు. ఎముకలను బొక్కలనే సుక్కమ్మకు అవి బొక్కల గోళీలు.

రెండు నెలలైంది. సీసాలో మాత్రలు తగ్గుతున్నాయి గానీ ముసలామె నొప్పులు మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. "ఏసుకుంటున్నవా అత్తమ్మా?" అంటే "ఏసుకుంటున్ననే" అనేది. ఇటు స్నిగ్ధకు నాలుగు రోజులుగా కడుపునొప్పి, విరేచనం కావడం లేదు.

ఆ పొద్దున బిడ్డను వెతుకుతూ శైలజ గొర్రెల దొడ్డిలోకి వచ్చింది. అక్కడ సుక్కమ్మ మాత్రను నూరి బెల్లం నీళ్లలో కలిపి, గొర్రెపిల్లలకు మందు పోసే వెదురు గొట్టంతో స్నిగ్ధ నోట్లో పోస్తోంది.

"ఏం పోస్తున్నవ్ నా బిడ్డకు?" శైలజ గొట్టం గుంజుకుంది.

"నా గోళీలేనే, బొక్కల గోళీలు," సుక్కమ్మ తడబడింది.

"ఎన్ని దినాలసంది?"

"నువ్వు తెచ్చిన కాడికెల్లి."

"రెండు నెలలా! పిల్ల కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతుంటే గూడ ఊకున్నవా? అదేమన్న గొర్రెపిల్లనా? దానికేమన్న అయితే తెచ్చిస్తవా నా బిడ్డను?"

అరుపులకు కొడుకు పరమేష్ పరుగెత్తుకొచ్చాడు. సుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెచ్చియ్యలేను బిడ్డా. నా కోమలనే తెచ్చుకోలేకపోయిన."

కోమల పరమేష్‌కు అక్క. పదిహేనేళ్లకే పోయింది. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు.

"అక్క ముచ్చట ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు పరమేష్.

"దానికి గూడ గిదే ఈడుల కాళ్లు వంకరపోయినయ్ రా. ఆ బోరు నీళ్లు మోసుకొచ్చింది నేను, దూప తీర తాపింది నేను. గొర్రెపిల్లకు రోగమొస్తే గొట్టంతోని మందు పోసి బతికిచ్చుకుంటిమి. నా బిడ్డకు పొయ్యనీకి ఏ మందూ దొరకకపాయె. నా మోకాళ్లు ఎట్లపోతే ఏంది? గీ పిల్లకు గట్ల కావద్దని..."

శైలజ కోపం చల్లారలేదు, గొట్టం పక్కన పడేసి బిడ్డను ఎత్తుకుంది. అందరూ కలిసి ఊళ్లోని దవాఖానకు పోయారు.

"పెద్దల గోళీలు పిల్లలకు పొయ్యొచ్చా తల్లీ? ఆపేయండి, కడుపు సర్దుకుంటది," అన్నాడు అక్కడి డాక్టరు. "ఎముకలు బంగారంలా ఉన్నయ్. ఇప్పుడు బోరు నీళ్లు గాదు, నల్లా నీళ్లే తాగుతాంది గద, మంచిగ తిండి పెట్టుండ్రి, చాలు."

అందరూ లేచారు. సుక్కమ్మ లేవలేదు.

"సారూ, గప్పట్ల గీ గోళీలుంటే నా కోమల నడుస్తుండెనా?"

డాక్టరు కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. "ఆ నీళ్లు తాగుకుంట ఎన్ని గోళీలు మింగినా ఏం లాభమమ్మా? కానీ నీళ్లు నీ చేతిల లేకుండె గద."

రెండో మాట సుక్కమ్మ చెవికెక్కలేదు.

మర్నాడు ఆమె వాకిట్లోకి రాలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డను తెచ్చిస్తవా అని నిన్న తానన్న మాట శైలజకే గుచ్చుకుంటోంది. స్నిగ్ధను చెయ్యి పట్టుకొచ్చి ఆమె ముందు నిలబెట్టింది.

"పాదాలు దగ్గర పెట్టు బిడ్డా. సూడు అత్తమ్మా. రోజూ సూడు, నేనేమన."

సుక్కమ్మ లేచి కూర్చొని ఆ చిన్న మోకాళ్లు తడిమింది. శైలజ మాత్ర, గ్లాసుడు నీళ్లు అందించింది.

"గిది నీది. నా ముందల మింగు. కోమల వదినె ఫోటో ఒక్కటన్న ఉందా? గోడకు పెడదాం."

సుక్కమ్మ తల అడ్డంగా ఊపింది.

"లేదు బిడ్డా. దానికి నిలవడ రాదని ఎవ్వరు తియ్యలే."

శైలజ అత్తను పొదివి పట్టుకొని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నారో తెలియక, స్నిగ్ధ పాదాలు దగ్గర పెట్టుకొని అట్లాగే నిలబడింది.