ఒంటికన్ను కారు

పొద్దున్నే వంటింటి కిటికీ తెరిచిన ఇల్లాలు ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది. కిటికీ గట్టు మీద పద్నాలుగు పళ్ళు బారు తీరి నిలబడి ఉన్నాయి. అన్నీ ఆకుపచ్చవే. ఒకటి నాచు రంగు, ఒకటి సీసా రంగు, ఒకటి దాదాపు నలుపు.

"ఏవండీ! ఇక్కడ ఈ పళ్ళేంటి?"

"ముట్టుకోకు, ఇంకా తడారలేదు," అని లోపలి గదిలోంచి జవాబు వచ్చింది.

ఆయన కట్టుడుపళ్ళు చేసే పనివాడు. డాక్టర్లు పంపే అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు అమర్చి, ముప్ఫై రెండేళ్ళుగా ఎవరెవరి నవ్వులో తయారు చేస్తున్నాడు. వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, మామిడిపళ్ళు కిలో ఎంతని అడిగిన రోజులూ ఉన్నాయి. ఇంటికొచ్చాక ఆయనకున్న ఏకైక సరదా ప్లాస్టిక్ మోడల్ కార్లు. అద్దాల బీరువాలో అరచేతిలో ఇమిడే కార్లు నలభై దాకా ఉన్నాయి. మధ్య అరలో మాత్రం నెల రోజులుగా ఒక జానెడు జాగా ఖాళీగా ఉంది. రోజూ తుడుస్తాడు. అక్కడ ఏమీ లేకపోయినా తుడుస్తాడు.

ఆ జాగాలోకి రావలసిన కారు ఇంకా పెట్టెలోకే ఎక్కలేదు. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, పులి గుర్రుమన్నట్టు మోగే ఇంజను ఉన్న పాతకాలపు మజిల్ కారు. విడిభాగాలు అతికించి కట్టుకునే దాని కిట్టు తొలిసారి వస్తోందని కంపెనీ ప్రకటించిన రోజునే ఆయన పేరు నమోదు చేసుకున్నాడు. ఇప్పటికి రెండుసార్లు తేదీ వాయిదా పడింది. ఈలోగా అసలు రంగును జ్ఞాపకంలోంచి తీయాలని, ల్యాబులో పనికిరాని పళ్ళు తెచ్చి వాటి మీద ఆకుపచ్చ కలుపుతున్నాడు.

ఆ రంగు ఆయన అన్న కారుది. ముప్ఫై ఒక్కేళ్ళ కిందట, కుండపోత వానలో, అన్న ఆ కారులో వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం ఊరి బయట వంతెన కూలింది. నాలుగు వాహనాలు నదిలో కొట్టుకుపోయాయన్నారు. మూడే దొరికాయి.

"వచ్చిందా?"

ముందుగదిలోంచి పెద్దావిడ గొంతు. ఆయన తల్లి. ఎనభై దాటింది. కిట్టు సంగతి చెవిన పడ్డప్పటి నుంచి తెల్లారగానే ఆమె అడిగే మొదటి మాట అదే.

"ఇంకా లేదమ్మా," అన్నాడు పళ్ళాయన మురిపెంగా. భార్య వైపు తిరిగి, "చూశావా, నాకంటే అమ్మకే ఆత్రం. పెద్దోడి బండి అంటే ప్రాణం కదా," అన్నాడు.

భార్య అత్తగారి వైపు చూసింది. మందుల దుకాణంలో పనిచేసే మనిషి, ఆత్రానికీ భయానికీ తేడా రోజూ చూస్తుంది. అత్తగారు తన కుర్చీని వీధివైపు కాకుండా గోడవైపు తిప్పుకుని నాలుగు రోజులైంది. టీ తాగకుండానే చల్లారబెడుతోంది. రొట్టెముక్క తుంచి, చూసి, పక్కన పెడుతోంది.

ఆ రోజు పదకొండింటికి, భార్య దుకాణానికి బయలుదేరుతుండగా, వీధిలో ఏదో బరువైన ఇంజను చప్పుడు వినిపించింది. గుర్రుమంటూ వచ్చి, సరిగ్గా వాళ్ళ వాకిట్లో ఆగినట్టనిపించింది. తలుపు తీసి చూసింది. వీధి ఖాళీ. తడిసిన రోడ్డు మీద చక్రాల జాడ కూడా లేదు.

వెనక్కి తిరిగేసరికి, గోడవైపు కూర్చున్న పెద్దావిడ కళ్ళు మూసుకుని నెమ్మదిగా అంది: "ఒక కన్నే వెలుగుతోంది. ఇంకో కన్ను లేదు."

"ఏం కన్ను అత్తయ్యా? ఎవరిది?"

"తలుపెయ్యి అమ్మాయ్. గడియ కూడా పెట్టు."

కోడలు తలుపేసి గడియ పెట్టింది.

సాయంత్రం భర్త చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది. "ఆ కిట్టు వద్దని రాసెయ్యండి."

"ఏంటి?"

"మీ అమ్మగారు తిండి మానేశారు. లేని బండి చప్పుడు వింటున్నారు. మీరేమో పళ్ళకి పచ్చరంగు పూస్తూ కూర్చున్నారు. నేనూ విన్నానండీ ఇవాళ! రేపు మన అమ్మాయి కూడా వింటుంది. ఇది ఇల్లా, ఇంకేమన్నానా?"

"మా అన్నది ఒక్క గుర్తు కూడా మిగల్లేదే ఈ ఇంట్లో. పదకొండు రోజులు నది ఒడ్డున నిలబడ్డా. ఒక్క చెప్పు దొరికినా చాలనుకున్నా. ప్లాస్టిక్కుదైనా సరే, ఆ కారు ఒకసారి నా చేతుల్లోకి రావాలి. అది కూడా తప్పేనా?"

"బతికున్నవాళ్ళని కూడా కాస్త చూడమంటున్నా. అది తప్పా?"

గొడవ ఇంకా ముదిరేదే. అంతలో కాలేజీ నుంచి వచ్చిన కూతురు ఫోను పట్టుకుని మధ్యలో దూరింది. "నాన్నా, కంపెనీ వాళ్ళు నమూనా ఫొటోలు పెట్టారు. ఇటు చూడు."

చిన్న చిన్న భాగాలు ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉన్నాయి. సీట్లు, స్టీరింగు, గేరు కర్ర. పళ్ళాయన ఆ గేరు కర్రను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేశాడు. అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

గేరు కర్ర చివర గుండ్రటి గుబ్బ ఉండాలి. అక్కడున్నది దవడపన్ను. నాలుగు మొనలు, మధ్యలో గాడి.

"అది నేను చేసిందే," అన్నాడు. "పనిలో చేరిన మొదటి ఏడాది, గుప్పెడంత పన్ను చేసి అన్నకిచ్చా. వాడు పగలబడి నవ్వి, గేరుకి తగిలించుకున్నాడు. ప్రపంచంలో ఇంకే కారుకీ ఉండదది."

"వీళ్ళు అసలు కారుని కొలిచే అచ్చు తీస్తారు నాన్నా," అంది కూతురు మెల్లగా. "అంటే ఆ కారు ఎక్కడో ఉంది. నదిలో లేదు."

అప్పటికప్పుడు కూతురు కంపెనీకి ఉత్తరం రాసింది. ఆ తర్వాతి తొమ్మిది రోజులు ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పళ్ళాయన రంగులు కలపడం మానేశాడు. పెద్దావిడ మాత్రం కోడలిని పిలిచి, ట్రంకుపెట్టెల్లోని కిటికీ తెరలు తీసి ముందుగదికి రెండు వరసలు కట్టమంది. ఆ ఇంటికి ఉన్నవి ఆరు కిటికీలు. పెట్టెల్లో తెరలు మూడొందల పైనే. అత్తగారికి ఈ తెరల పిచ్చి ఏమిటో కోడలికి ఏనాడూ అంతుపట్టలేదు. పక్కసందులోని కుట్టుపనామెకు నెలకో గుడ్డ ఇచ్చి కుట్టించడం, తెచ్చి మడతపెట్టి దాచడం. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ చూస్తోంది.

పదో రోజు ఆదివారం. నలుగురూ బల్ల దగ్గర ఉండగా జవాబు వచ్చింది. కూతురు పైకి చదివింది.

"మీరు అడిగిన కారును ఒక చిన్న ఊళ్ళో షెడ్డులో కొన్నాం. దాని యజమాని నీటి పంపులు బాగుచేసేవాడట. ఒంటరి మనిషి. రెండేళ్ళ కిందట చనిపోయాడు. షెడ్డు అద్దెకిచ్చినాయన చెప్పిన వివరాలివి. కారును ఆయన ఎప్పుడూ బయటికి తీయలేదు. ఆదివారాలు మాత్రం ఇంజను ఆపే ఉంచి, లోపల గంటలకొద్దీ కూర్చునేవాడు. ఆ పన్ను గురించి అడిగితే, మా తమ్ముడి మొదటి పని అని చెప్పేవాడట..."

పళ్ళాయన బల్ల అంచు పట్టుకున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి.

కూతురు చివరి వాక్యం చదివింది. "కారు కొత్తదానిలా ఉంది. కుడి హెడ్‌లైటు మాత్రం పగిలి ఉంది. ఎందుకో ఆయన దాన్ని మార్పించలేదు."

"నేనే వద్దన్నా," అంది పెద్దావిడ.

అందరూ అటు తిరిగారు.

"ఏ మెకానిక్కు దగ్గరికీ తీసుకెళ్ళొద్దన్నా. దీపం మార్పిస్తే ఎలా పగిలిందని అడుగుతారు. దొరికిపోతావు, జన్మలో ముట్టుకోకు అని చెప్పా." ఆమె గొంతులో వణుకు లేదు. "నా మాట విన్నాడు. చచ్చేదాకా విన్నాడు."

"అమ్మా, ఏం మాట్లాడుతున్నావు?"

"ఆ రోజు తెల్లవారుజామున పెద్దోడు కారు తీశాడు. వాన. ఏమీ కనబడట్లేదు. సందు మలుపులో ఒక మనిషిని గుద్దేశాడు. చప్పుడు విని నేను పరిగెత్తా. పక్కసందు వాచ్‌మన్, డ్యూటీ దిగి ఇంటికెళుతున్నాడు. పెద్దోడు బిక్కచచ్చి నిలబడ్డాడు. పోరా, వెనక్కి చూడకుండా పో, నేను చూసుకుంటానన్నా. పోయాడు. ఆ మధ్యాహ్నం వంతెన కూలిందన్నారు. వాడు తెల్లారకముందే దాటిపోయాడని నాకొక్కదానికే తెలుసు. అందరూ వాడు నదిలో పోయాడనుకున్నారు. సరే, అలాగే అనుకోనీ అనుకున్నా."

"నేను పదకొండు రోజులు..." పళ్ళాయనకు మాట పూర్తి కాలేదు. "ఒడ్డున బురదలో నిలబడి పిలిచానమ్మా వాడిని! నువ్వొచ్చి నాకు అన్నం పెట్టి వెళ్ళేదానివి. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నీ ఏడుపు చూసే లోకం నమ్మింది చిన్నోడా."

ఆ మాటకు పళ్ళాయన లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. తల్లిని చూసిన చూపులో ముప్ఫై ఒక్కేళ్ళ నది ఉంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

కోడలికి అప్పుడు వెలిగింది. "వాచ్‌మన్ అంటే... ఆ కుట్టుపనామె భర్తే కదూ?"

పెద్దావిడ తలదించుకుంది. "అప్పటికి ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఒళ్ళో ఆర్నెల్ల పాప. నిజం చెబుదామని నెలనెలా వెళ్ళా. గుమ్మం దగ్గర నోరు పడిపోయేది. చేతిలో గుడ్డ ఇచ్చి, తెర కుట్టమ్మా అని వచ్చేసేదాన్ని. ఆ బండి నా కోసం వస్తుందని నాకు తెలుసు. రోజూ వచ్చిందా అని అడిగేది అందుకే."

కోడలు అత్తగారి ముందుకు వచ్చింది. తిట్టాలనిపించింది. కానీ ఆ ముసలి మెడ మీద నరాలు దారాల్లా లాగుకుని ఉన్నాయి. "ఈ మాట ఆవిడకి చెప్పకుండా నాకింక ఈ ఇంట్లో మెతుకు గొంతు దిగదు అత్తయ్యా," అంది చివరికి. "లేవండి. నేనొస్తా తోడు."

"నా చెప్పులు తియ్యి."

ఇద్దరూ వాకిలి దాటేటప్పటికి వెనక తలుపు చప్పుడైంది. పళ్ళాయన వచ్చాడు. మొహం వాచిపోయి ఉంది. తల్లి వైపు చూడలేదు. కానీ ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చే వారం కిట్టు వస్తుంది కదా," అంది భార్య నడుస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలని. "ఏం చేస్తారు?"

"కడతా," అన్నాడు. "కుడి దీపం పెట్టను."

కుట్టుపనామె ఆదివారం కూడా మిషను ముందే ఉంది. "రా పెద్దమ్మా! మళ్ళీ తెరలేనా? ఇన్ని కిటికీలు ఎక్కడివి నీకు?" అని నవ్వింది. వెనకే ఉన్న మొహాలు చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

పెద్దావిడ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క సాకు చెప్పలేదు. చెబుతున్నంతసేపూ కుట్టుపనామె చేతిలోని గుడ్డ అంచును గోటితో గీస్తూ ఉండిపోయింది.

"వెళ్ళండి," అంది చివరికి. "మీ మొహాలు నాకు చూపించకండి."

ముగ్గురూ తిరిగారు. గుమ్మం దాకా వెళ్ళాక వెనక నుంచి పిలుపు వినబడింది.

"ఆగండి." ఆమె లేచి నిలబడి ఉంది. "ఆయన... ఒక్కడే పడి ఉన్నాడా అక్కడ? వానలో? అందరూ అలాగే చెప్పారు. పొద్దెక్కాక చూశామన్నారు. ఎంతసేపు ఒక్కడే ఉన్నాడోనని ఇప్పటికీ వాన పడితే నాకు నిద్ర రాదు."

"ఒక్కడే లేడమ్మా," అంది పెద్దావిడ. "తల నా ఒళ్ళో పెట్టుకున్నా. నా చెంగు తడిపి పెదాలకి అద్దా. కళ్ళు తెరిచి చూశాడు. ఊపిరి పోయేదాకా ఉన్నా. తర్వాతే... తర్వాతే పిరికిదాన్నై ఇంట్లోకి పోయా."

"ఏమన్నా అన్నాడా?"

"అన్నాడు. ఇల్లెక్కడ బాబూ అని అడిగా, చెప్పాడు. వెళ్ళి చెప్తాననుకున్నాడు పాపం. తలుపు గట్టిగా కొట్టకండి, పాప పడుకుని ఉంటుంది అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు."

కుట్టుపనామె మిషను బల్లను పట్టుకుని మెల్లగా నేల మీదికి జారింది. గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. పెద్దావిడ కొడుకు చెయ్యి పట్టుకుని ఆమె ముందు కిందికి కూర్చుంది. క్షమించమని మాత్రం అడగలేదు. పళ్ళాయన వంగి తల్లి వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీయలేదు.

కాసేపటికి కుట్టుపనామె గుడ్డ తీసి మొహం తుడుచుకుంది.

"ఇంకోసారి చెప్పు పెద్దమ్మా," అంది. "ఆయన ఎలా అన్నాడో అలాగే చెప్పు."

పెద్దావిడ మళ్ళీ చెప్పింది.