ఖాళీ గోడ ముందు ముఖం

దువ్వాడ రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, మూడో అంతస్తులో దేవీప్రసాద్ వాళ్ళ ఫ్లాట్. రెండు పడకగదులు. చిన్న గది పాప కోసం అనుకున్నారు. పాప పుట్టింది గానీ ఊపిరి లేకుండా పుట్టింది. పుష్ప పుట్టింటి నుంచి తిరిగొచ్చేసరికి ఆ గది నిండా కంప్యూటర్లున్నాయి.

దేవీప్రసాద్ ఇంటి నుంచే ప్రోగ్రాములు రాసే ఉద్యోగి. ఆఫీసుల వాళ్ళు వదిలించుకున్న పాత మెషిన్లు ద్వారకా నగర్‌లో కొనుక్కొచ్చి, ఇనుప ర్యాకులో పేర్చి, సొంతంగా సర్వర్ పెట్టుకున్నాడు. దీన్ని హోమ్‌ల్యాబ్ అంటారని, ఇక మన ఫోటోలు ఎవడి దగ్గరో కాకుండా మన ఇంట్లోనే ఉంటాయని భార్యకి చెప్పాడు. ఏడవాల్సిన మనిషి కేబుళ్ళు బిగించుకుంటున్నాడని ఆమెకి తెలుసు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఆ గదిలో ఎప్పుడూ వేడే. తలుపు మూసినా ఫ్యాన్ల రొద హాల్లోకి వినిపించేది.

ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం అతను సర్వర్‌లో కొత్త ప్రోగ్రాము ఎక్కించాడు. అది ఫోటోల్లో ముఖాలు వెతికి, ఒక్కో ముఖం చుట్టూ ఆకుపచ్చ గడి గీసి, ఎవరి ఫోటోలు వాళ్ళకి విడదీసి పెడుతుంది. సాయంత్రానికి పని పూర్తయింది. పుష్పవి ఒక చోట, అతనివి ఒక చోట, చుట్టాలవి వేరువేరుగా చేరాయి. చివర్లో పేరు లేని గుంపు ఒకటి మిగిలింది.

తెరిచాడు. హాల్లో గోడ. ఫ్రిజ్ పక్కన సందు. బాల్కనీ తలుపు. అన్నీ వాళ్ళింట్లో తీసినవే. ప్రతి ఫోటోలోనూ ఖాళీ చోట ఒక గడి ఉంది. గడిలో ఎవరూ లేరు.

ఇలాంటి ప్రోగ్రాములు కర్టెన్ మీది పువ్వుని కూడా ముఖం అనుకుంటాయి. అది అతనికి కొత్త కాదు. కచ్చితంగా ముఖమని తేలితేనే గడి గీసేలా నిబంధన బిగించి మళ్ళీ నడిపాడు. మిగతా తప్పులన్నీ పోయాయి. ఆ గుంపు మాత్రం కదల్లేదు. అప్పుడు ఫోటోలని తేదీల వరసలో పెట్టి చూశాడు. మొదటి వాటిలో గడి నేల మీద, చాప దగ్గరుంది. తర్వాత సోఫా అంచు ఎత్తుకి వచ్చింది. మొన్నటి ఫోటోలో భోజనాల బల్లకి సరిగ్గా సమానంగా ఉంది.

టీ తెచ్చిన పుష్ప అతని వెనక నిలబడి అంతా చూసింది.

"ఎదుగుతంది బావా," అంది మెల్లగా.

"ప్రోగ్రాము తప్పది. అంతే."

ఆమె అతని మీదుగా వంగి, పేరు అడిగే చోట ఒక్కో అక్షరం నొక్కింది. కుందన. ఆ పేరు ఆమె మనసులో ఉన్నట్టు అతనికి ఇన్నాళ్ళూ తెలీదు.

ఆ రోజు నుంచి పుష్ప ఖాళీ మూలలకి ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. "ఇటు సూడమ్మా," అని గుసగుసగా అనేది. తీసిన ప్రతిదీ సర్వర్‌లోకి చేరేది. గడి రోజురోజుకీ పెద్దదవుతోంది. పుష్ప మురిసిపోయేది. పిల్ల ఇంత తొందరగా ఎదగదు, దగ్గరికి వస్తోంది అని అతనికొక్కడికే అర్థమైంది.

తుఫాను సాయంత్రం. పుష్ప గోపాలపట్నంలో అక్క ఇంటికి వెళ్ళింది. కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి పడింది. చిన్న గదిలో మాత్రం బ్యాటరీ మీద సర్వర్ నడుస్తోంది. దాన్ని సవ్యంగా ఆపుదామని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

ర్యాకుని కనిపెట్టుకోవడానికి ఆ గది పైకప్పుకి చిన్న కెమెరా పెట్టాడు. అదీ ఆ బ్యాటరీ మీదే నడుస్తోంది; ఏదైనా కదిలితేనే, చీకట్లోనైనా ఫోటో తీస్తుంది.

తెర మీద కొత్త ఫోటో వచ్చింది. కుర్చీలో అతను. తలుపు దగ్గర గడి.

కదలకుండా కూర్చున్నాడు.

ఇంకో ఫోటో... ర్యాకు పక్కన గడి.

ఇంకోటి... కుర్చీ వెనక.

తల తిప్పలేదు. ముక్కుకి వాసన తగిలింది. ఆస్పత్రిలో ఉతికిన గుడ్డ వాసన, దాని కింద తడి. పాపని చుట్టిన ఆ మూట చేతుల్లో మోసినవాడు అతనొక్కడే.

ఇంకోటి... భుజం మీద.

చెవి దగ్గర చల్లగా... ఊపిరి కాదు. ఊపిరి లేకపోవడం.

వైర్లు లాగి పారేశాడు. డిస్కులు బయటికి తీశాడు. కరెంటు రాగానే ఒక్కోదాన్నీ పూర్తిగా తుడిచేశాడు. పుష్ప తడిసి ఇంటికొచ్చేసరికి ర్యాకు ఖాళీగా ఉంది.

"ఏటి సేసావు బావా?"

"తుడిచేశాను. అక్కడేటీ లేదు పుష్పా."

"ఆ రోజూ ఇదే మాటన్నావు. సూడ్డానికేటీ లేదన్నావు. పట్టుకెళ్ళి పూడ్చీసొచ్చారు. నాను మొకమైనా సూడలేదు."

"నీ మంచికే..."

"నువ్వు సూసావు కదా. ఎలగుందో ఒక్కసారైనా సెప్పావా నాకు?"

ముఖం మీది గుడ్డ అతనూ తీయలేదు. తీసే ధైర్యం లేకపోయింది. ఆ మాట అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేకపోయాడు.

పుష్ప అతనితో మాట్లాడడం మానేసింది. వండి బల్ల మీద పెట్టేది. అతను తిన్నాక వచ్చి కంచం తీసేది. అలా వానాకాలం పోయింది, చలి వచ్చింది.

చేతులు ఊరుకోక దేవీప్రసాద్ మళ్ళీ ఒక మెషిన్ కొన్నాడు. డిస్కులు కొత్తవి. ఫోటోలు మాత్రం పెళ్ళికి ముందువే ఎక్కించాడు. కాలేజీవి, అమ్మ దాచినవి. ఈ ఇంట్లో తీసినది ఒక్కటి కూడా పెట్టలేదు. ముఖాల ప్రోగ్రాము నడిపాడు.

కాలేజీ మెట్ల మీద స్నేహితులందరి ఫోటో తెరిచాడు. అందరి ముఖాలకీ గడులున్నాయి. అతని ముఖానికి లేదు. అతని పక్కన, నడుం ఎత్తులో, ఖాళీ చోట ఉంది.

ఇంకోటి తెరిచాడు. అలాగే ఉంది. ఇంకోటి. అదీ అంతే.

అన్నిటికంటే పాతది, అమ్మ ఒళ్ళో ఏడాది పిల్లాడిగా తను. అమ్మ ముఖానికి గడి ఉంది. రెండో గడి ఆమె చీర కుచ్చెళ్ళ పక్కన, ఎవరూ లేని చోట. దాని కింద పేరు: కుందన. ఈ మెషిన్లో ఆ పేరు ఎవరూ కొట్టలేదు.

తలుపు తెరుచుకుంది. పుష్ప. నెలల తర్వాత ఆమె ముఖంలో నవ్వు కనిపించింది.

"పుష్పా," అన్నాడు.

ఆమె అతని వైపు చూడలేదు. అతని కుర్చీ పక్కకి, కాస్త కిందికి చూసింది.

"రామ్మా, అన్నం తిందువు గాని," అని చెయ్యి చాచింది. దేన్నో పట్టుకున్నట్టు వేళ్ళు మెల్లగా ముడిచింది.

"పుష్పా, నాను ఇక్కడే ఉన్నాను."

గదిలో ఇంకెవరూ లేనట్టు లైటు ఆపేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.