కొండప్ప గీసిన కొంగు

ధర్మవరంలో పాత కంప్యూటర్లకు ప్రాణం పోయాలంటే హిందూపురం నుంచి సాయినాథ్ రావాల్సిందే. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నదానికన్నా సాయినాథ్ అనుకున్నదే ఎక్కువ. విండోస్ 98 పేరెత్తితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. చీరల డిజైన్లు గీసే ఆ పాత సాఫ్ట్‌వేర్ మాత్రం దాని మీద తప్ప నడవనని మొండికేసింది. అందుకే ముసురు పట్టిన ఆ మధ్యాహ్నం అతను కొండప్ప ఇంట్లో, కిటికీ లేని డిజైన్ గదిలో కూర్చున్నాడు.

కొండప్ప పోయి ఏడాది కావస్తోంది. వక్కాకు నములుతూ అంచులూ కొంగులూ కంప్యూటర్లో చుక్క చుక్కగా గీసి ఇచ్చేవాడు. ఆ బొమ్మను బట్టే అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. ఆఖరుగా గీసింది కూతురు సుమ పెళ్ళిచీర కొంగు. దాన్ని ఎవరికీ చూపించకుండానే పోయాడు. ఇప్పుడు సుమకు సంబంధం కుదిరింది, కంప్యూటరేమో తెరుచుకోవడం లేదు.

"ఆ కొంగొక్కటి తీసియ్యప్పా, చాలు," అంది కొండప్ప భార్య చౌడేశ్వరి. "పెండ్లిలో మీ బావ ఉన్నట్టే ఉంటాది."

"నేనుండాను కదక్కా, నువ్వు పో," అన్నాడు సాయినాథ్ ధీమాగా.

పని చిన్నదే. తను తెచ్చిన డిస్కును తుడిచి, దాని మీద విండోస్ ఎక్కించి, పక్కనే కొండప్ప డిస్కును తగిలించి డిజైన్ తీసుకోవాలి. రెండు డిస్కులూ ఒకే వైరుకు తగిలిస్తారు కాబట్టి ఏది మొదటిదో తేల్చేది వెనకాల ఉండే జంపరనే చిన్న బిళ్ళ. దాన్ని ఒకసారి చూసుకోవాలి. సాయినాథ్ చూసుకోలేదు. పెనుకొండ స్నేహితుడికి ఫోన్లో తన గొప్పలు చెప్పుకుంటూ, అంతా తుడిచెయ్యమంటావా అని మిషను అడిగితే సరేనని నొక్కేశాడు.

విండోస్ ఎక్కింది. రెండో డిస్కు తెరిచాడు. అందులో పాత సినిమా పాటలున్నాయి. అది తన డిస్కు!

తుడిచింది కొండప్ప డిస్కును. పోయినవి వెతికి తీసే సాఫ్ట్‌వేర్ పెట్టి గాలించాడు. ఒక్క డిజైన్ తునక కూడా దొరకలేదు.

చౌడేశ్వరి గడప దగ్గరికి వచ్చింది. "అయిందాప్పా?"

"డిస్కు ముందే చచ్చిపోయిండాదక్కా," అనేశాడు. "అందులో ఏమీ లేదు."

ఆమె తలుపు వదిలి వంటింటి వైపు తిరిగింది.

"నువ్వు మాత్రం ఏం చేస్తావులే. పొద్దుననంగా వచ్చినావు, ఉప్మా చేస్తాండా, తినిపో."

తిట్టినా బాగుండేది. ఆమె వంటింట్లోకి వెళ్ళాక సాయినాథ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. ముఖం చూపించకుండా వెళ్ళిపోదామని స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకోసాగాడు.

కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. వీధి పొడుగునా మోగుతున్న చేతిమగ్గాలు కూడా ఎందుకో ఒక్కసారే ఆగిపోయాయి. గదిలో వక్కాకు వాసన... పక్కనే ఎవరో నములుతున్నట్టు.

తెర మాత్రం వెలుగుతూనే ఉంది. ఆ ఇంట్లో యూపీఎస్ లేదు.

టిక్.

మౌస్ బల్ల మీద ఒంటరిగా ఉంది. తెర నిండా సన్నటి గళ్ళు. ఒక గడిలో ఎర్రటి చుక్క. టిక్... దాని పక్కన ఇంకొకటి. టిక్... టిక్... ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను అతనింకా ఎక్కించనేలేదు.

లేవబోయాడు. భుజం మీద బరువు పడింది. కుడిచెయ్యి తన ప్రమేయం లేకుండా మౌస్ మీదికి వెళ్ళింది. మౌస్ వెచ్చగా ఉంది. వేలు నొక్కుతోంది. నెమలి కాలు... మెడ... తోక మొదలు... సాయినాథ్‌కు గీత కూడా తిన్నగా గీయడం రాదు.

"బావా..." అని గొణిగాడు. "తప్పయిపోయింది బావా..."

వేలు ఆగలేదు.

గుమ్మంలో దీపం వెలుగు. చౌడేశ్వరి పళ్ళెంతో వచ్చింది. ఆమెను చూడగానే సిగ్గుతో అతని తల వాలిపోయింది.

"అబద్ధం చెప్పినానక్కా," అన్నాడు ఏడుస్తూ. "డిస్కు బాగనే ఉన్నింది. నేనే తుడిచేసినా."

"తెలుసప్పా," అందామె మెల్లగా. "ఇందాకే వంటింట్లోకొచ్చి చెప్పినాడు."

"ఎవరు...?"

ఆమె ఉప్మా పళ్ళెం అతని ఎడమవైపు పెట్టింది.

"ఈ పూటకు ఎడంచేత్తోనే తిను, ఏం కాదు. కొంగు అయ్యేదాకా నిన్ను లేవనియ్యొద్దన్నాడు."

దీపం తీసుకుని బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. గడియ పడింది... లోపలివైపు నుంచి.