పడుకున్నవాళ్లని లేపకూడదు

ఎనిమిది మంచాల డార్మిటరీలో ఏజెంటు చచ్చిపోయి ఒక పగలూ ఒక రాత్రీ గడిచినా ఎవరూ గమనించలేదు. దానికి కారణం నిర్లక్ష్యం కాదు, మర్యాద.

వీపున సంచీ తగిలించుకుని చవగ్గా ఊళ్లు తిరిగేవాళ్లకి కులం లేదు, గోత్రం లేదు, ఇస్త్రీ బట్టలు లేవు. ఒక్క నియమం మాత్రం ఉంది. పడుకున్నవాళ్లని లేపకూడదు. ఏ బస్సులో నడుం విరగ్గొట్టుకుని వచ్చారో ఎవరికి తెలుసు? అందుకే ఆ గదిలో మిగతా ఏడుగురూ మునివేళ్ల మీద నడిచారు, జిప్పులు చప్పుడు కాకుండా లాగారు. ఒకావిడైతే జారిపోయిన దుప్పటి అతని కాళ్ల మీదికి సర్ది మరీ వెళ్లింది. చివరికి మంచం ఖాళీ చెయ్యమనడానికి వచ్చిన రిసెప్షనిస్టు భుజం తట్టింది. భుజం చల్లగా, బిగుసుకుపోయి ఉంది. చెవి వెనక సూది గుచ్చిన మచ్చ.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని చిన్నోడనేవారు. అందరికన్నా ఆలస్యంగా చేరి, అందరికన్నా ముందు వెళ్లిపోయాడు.

* * *

"కూర్చో, కొంగా" అన్నాడు చీఫ్. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

కొంగది పొడుగు మెడ. కదలకుండా ఒకే చోట నిలబడి పూటంతా చూడగల ఓపిక. ఆ పేరు పెట్టినవాడు దొంగజపం సంగతి కూడా మనసులో పెట్టుకునే పెట్టి ఉంటాడు. సర్వీసంతా స్టార్ హోటళ్లలో, సూటు మడత నలగకుండా గడిచింది.

"చిన్నోడు ఎవరికి కాపలా ఉన్నాడో తెలుసుగా?"

"డాక్టరమ్మకి."

డాక్టరమ్మ సూదులు వేసే డాక్టరు కాదు, కెమిస్టు. ఒక విదేశీ ముఠా ల్యాబ్‌లో పురుగుమందు చేస్తున్నాననుకుని, చేస్తున్నది మనుషుల్ని చంపే గ్యాసని తెలిసిన రోజున కట్టుబట్టలతో పారిపోయి వచ్చింది. ఆ గ్యాసు ఎక్కడ తయారవుతుందో, ఎవరు కొంటున్నారో అంతా ఆమె బుర్రలో ఉంది. శుక్రవారం అంతర్జాతీయ కమిషన్ ముందు ఆవిడ నోరు విప్పితే ముఠా కథ కంచికే.

"ఎయిర్‌పోర్టుల్లో వాళ్ల కళ్లున్నాయి. పెద్ద హోటళ్లలో చెవులున్నాయి. మనకి చవక బస్సులూ చవక పడకలే దిక్కు. ఆవిడని శుక్రవారం దాకా అలాగే తిప్పాలి. నీడని తీసేస్తే మనిషి బయటికొస్తుందని చిన్నోణ్ణి ముందు తీసేశారు. ఇక నువ్వే నీడవి."

"అంటే నేను..."

"బ్యాక్‌ప్యాకర్‌వి. గడ్డం గీసుకోవద్దు. టాక్సీ ఎక్కావంటే సస్పెండ్ చేస్తా."

"అకౌంట్స్ సెక్షన్ వాళ్లు సంబరపడతారు సార్."

పెద్దాయన సొరుగు తెరిచాడు. బల్ల మీద ఒక ఫోటో తోశాడు. చిన్నోడి మంచం. "ముఠాలోంచి నెమలి కబుర్లు పంపుతూనే ఉంది. చిన్నోడి విషయంలో మాత్రం ఆలస్యమైంది. దార్లో నిన్ను కలుస్తుంది."

నెమలి డబుల్ ఏజెంటు. ముఠా బాసుల పార్టీల్లో షాంపేన్ గ్లాసు పట్టుకుని తిరుగుతూ, వాళ్ల గుట్టు డిపార్ట్‌మెంట్‌కి చేరవేస్తుంది. డిపార్ట్‌మెంట్‌లో పెద్దాయనకీ కొంగకీ తప్ప ఎవరికీ తెలియని సంగతి ఇంకోటుంది. ఆమె కొంగకి మరదలు. పోయిన భార్యకి సొంత చెల్లెలు.

కొంగ ఫోటో చూశాడు. మంచం కింద బూట్లు పక్కపక్కన, ముందు భాగం బయటికి తిరిగి, గీత గీసినట్టున్నాయి.

కొంగ మామగారు రైలు డ్రైవరు. కబురు రాగానే మంచం దిగి పరుగెత్తే ఉద్యోగం. బూట్లు అలా బయటికి తిప్పి పెట్టి, మేజోళ్లు రెండూ కలిపి చుట్టి ఎడమ బూటులో దోపేవాడు. చీకట్లో కాలు పెడితే చాలు, తయారు. కూతుళ్లిద్దరికీ అక్షరాలకంటే ముందు అదే నేర్పాడు. పెళ్లయిన కొత్తలో కొంగ విసుక్కునేవాడు, "ఎక్కడికే పరుగు?" అని. భార్య పోయాక అతని ఇంట్లో బూట్లు ఎక్కడివక్కడే పడి ఉంటున్నాయి.

ఫోటోలో మేజోళ్లు కనబడటం లేదు. బూట్లు తిన్నగా పెట్టేవాళ్లు లోకంలో బోలెడుమంది అనుకున్నాడు. అనుకుని ఫోటో బోర్లించాడు.

* * *

టెక్నికల్ సెక్షన్ మూడు వస్తువులిచ్చింది. ప్రమాదం వస్తే సిగ్నల్ పంపే తాళంకప్ప, రేడియో దాచిన టూత్‌బ్రష్, మనిషిని కొయ్యబార్చే టార్చిలైటు. కోడ్ వర్డ్ కూడా ఇచ్చింది. "వేణ్ణీళ్లు వస్తున్నాయా?" అని ఇతను అడగాలి. "వచ్చినట్టే వచ్చి పోతున్నాయి" అని ఆవిడ చెప్పాలి.

ప్రయాణికుల హాస్టల్ బాత్రూం ముందు క్యూలో నిలబడి కొంగ ఆ ప్రశ్న అడిగాడు. నలుగురు ఒకేసారి అదే జవాబు చెప్పారు. ఆ కోడ్ తయారుచేసినవాడు జన్మలో హాస్టల్ మొహం చూసి ఉండడు.

ఆ నలుగురిలో ఒకావిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు, మెడ చుట్టూ గాలి ఊదే దిండు. యాభై దాటిన మనిషి, కళ్లు నిద్రలేక వాచి ఉన్నాయి. "నువ్వేనా బాబూ కొత్తవాడివి?" అంది డాక్టరమ్మ. తర్వాత, అడక్కుండానే, "రెండుసార్లు వెళ్లి చూశాను ఆ పిల్లాణ్ణి. నిద్రపోతున్నాడు కదా అని లేపకుండా వచ్చేశాను" అంది. కొంగ ఆవిడ తువ్వాలు చుట్టిచ్చాడు.

అక్కణ్ణుంచి ఊరు వెనక ఊరు. ఒక్క రాత్రి బస్సు టిక్కెట్టులో ప్రయాణమూ పడకా రెండూ వెళ్లిపోయేలా చూసుకునేవారు. తెల్లారి దిగాక బస్టాండు కుళాయి దగ్గర మొహం కడుక్కుని, నిన్నటి రొట్టె నమిలి, ఉచితంగా చూడనిచ్చేవన్నీ చూసేవారు. వంతెనలు, గడియారపు స్తంభాలు, పెద్దల సమాధులు. ఈ ఊళ్లన్నీ కొంగ ఇదివరకు చూసినవే, కాకపోతే కారద్దంలోంచి. ఇప్పుడు అరికాళ్లకి తెలుస్తున్నాయి. హాస్టల్ వంటింట్లో ఎవరో వదిలేసిన గుడ్లు ఉడకబెట్టుకునేవారు. ఉతికిన బట్టలు మంచం నిచ్చెనకి ఆరేసుకుని, తడి ఆరకముందే తొడుక్కుని పోయేవారు.

డాక్టరమ్మతో ఒక్కటే గొడవ. బూట్లు. ఒకటి గుమ్మంలో విప్పేది, రెండోది ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. రోజుకోసారి కొంగ వాటికి తట్టుకుని పడేవాడు.

"ముఠా చంపక్కర్లేదు డాక్టరమ్మా. మీ బూట్లు చాలు."

"ఇంత పొడుగు మనిషివి, కింద చూసి నడవ్వద్దూ?"

ఇంకో విషయంలోనూ ఆవిడ మాట వినేది కాదు. మంచం మీద పడుకున్నా సరే ఆ మెడదిండు తీసేది కాదు. "ల్యాబ్‌లోంచి పారిపోయిన రోజు బస్సులో కొన్నాను. ఇది ఉంటేనే నిద్ర పడుతోంది" అంది ఒకసారి. కొంగ మళ్లీ వేళాకోళం చెయ్యలేదు.

* * *

నెమలి కలిసింది ఒక బట్టలుతికే దుకాణంలో. మెషిన్లు గిరగిరా తిరుగుతున్నాయి. నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, మెడకి సిల్కు స్కార్ఫు. చింకి సంచుల మధ్య ఆమె కూర్చున్న బెంచీ ఒక్కటే సినిమాలా ఉంది.

"ఎంత చిక్కిపోయావు బావా" అంది. "అక్క చూస్తే ఏడ్చేది."

"చిట్టీ" అన్నాడు కొంగ. ఆమెని కోడ్ నేముతో పిలవడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు.

"అక్క పోయాక నన్ను చూడ్డానికి ఒక్కసారైనా వచ్చావా?"

"ముఖం చెల్లలేదే. నువ్వు అచ్చం అక్కలా ఉంటావు."

ఆమె తిరుగుతున్న బట్టల వైపు చూసింది. తర్వాత గొంతు మారింది. "శుక్రవారం కమిషన్ ఉన్న ఊళ్లో మిక్స్‌డ్ డార్మ్ వద్దు. ముఠా మగవాళ్లని పెట్టింది. ఆవిడని లేడీస్ డార్మ్‌లో ఉంచు. మగపురుగు రాదు. ఏ హాస్టల్?"

ఫోటోలో బూట్లు ఒక్క క్షణం కళ్లముందు ఆడాయి. కానీ ఆర్డరు ఆర్డరే, నెమలికి అన్నీ చెప్పాలి. దానికి తోడు ఆ మొహం. భార్య మొహం అడుగుతుంటే అబద్ధమాడే మగాడు ఇంకా పుట్టలేదు. చెప్పేశాడు.

* * *

శుక్రవారం పొద్దున్నే ఆఖరి బస్సు దిగారు. కమిషన్ మధ్యాహ్నం. ఎస్కార్టు వ్యాను వచ్చి వీధి మలుపులో ఆగింది, కానీ వేళ కాకుండా హాస్టల్ గుమ్మం ముందుకి రాకూడదని ఆర్డరు. డాక్టరమ్మ ఒక కునుకు తీస్తానంది. లేడీస్ డార్మ్‌లో తలుపు పక్కనే కింది మంచం, దానికి తెర. రాత్రి బస్సుల్లో వచ్చిన ఆడవాళ్లతో మిగతా మంచాలు కూడా నిండి ఉన్నాయి. ఇక్కడ పట్టపగలే అర్ధరాత్రి.

కొంగ వంటింట్లో టీ కాచాడు. రెండు కప్పులూ పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి పనిమనిషి బకెట్టుతో ఆ గదిలోంచి వస్తోంది. తలుపు కాస్త తెరిచి ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాడు.

తెర వేసి ఉంది. మంచం కింద డాక్టరమ్మ బూట్లు పక్కపక్కనే ఉన్నాయి. ముందు భాగం బయటికి తిరిగి ఉంది. మేజోళ్లు రెండూ చుట్టి ఎడమదాన్లో దోపి ఉన్నాయి.

దారికడ్డంగా బూట్లుంటే ఎవరో ఒకరు తట్టుకుంటారు, ఒంగుతారు, మంచం వైపు చూస్తారు. అందుకే చంపేముందు చిట్టి సర్దుతుంది. అది తెలివి. మేజోళ్లు దోపడం మాత్రం తెలివి కాదు, చేతి అలవాటు. వాళ్ల నాన్న నేర్పింది.

తాళంకప్ప లాకరుకి వేసి ఉంది. టూత్‌బ్రష్ బాత్రూంలో ఉంది. టార్చిలైటు చార్జింగ్ అయిపోయింది, హాస్టల్లో ప్లగ్గు ఖాళీ దొరికితేనా? కొంగ కప్పులు వదిలేశాడు. గుండెల నిండా గాలి పీల్చి, ఆ లోకంలో ఎవరూ చెయ్యకూడని పని చేశాడు.

"డాక్టరమ్మా! లేవండి! అందరూ లేవండి!"

గదంతా ఉలిక్కిపడింది. తెర వెనక డాక్టరమ్మ అదిరిపడి పక్కకి దొర్లింది. అతను తెర లాగేసరికి సూది దిగనే దిగింది. కాకపోతే చెవి వెనక కాదు, మెడదిండులో. దిండు బుస్సుమంటూ చప్పబడింది.

సూది పట్టుకున్న చేతిని మణికట్టు దగ్గర పట్టేశాడు. వదులు చొక్కా, మాసిన ప్యాంటు, లిప్‌స్టిక్ లేని మొహం. అచ్చం అక్క మొహం.

"వదులు బావా. అక్క మీద ఒట్టు, వెళ్లిపోతాను."

"చిన్నోణ్ణి ఎందుకు చంపావే?"

"రెండు పడవల మీద కాళ్లు పెట్టాను. వాళ్లకి నా సంగతి తెలిసిపోయింది. బతకాలంటే ఏదో ఒక పడవ నేనే ముంచాలన్నారు." "నిద్రలోనే పోయాడు బావా. నొప్పి తెలీదు."

డాక్టరమ్మ లేచి కూర్చుంది, చప్పబడిన దిండు రెండు చేతులా పట్టుకుని. "నేను లేపి ఉంటే?" అని మెల్లగా అడిగింది.

"అప్పటికే అయిపోయింది డాక్టరమ్మా. మీ తప్పు లేదు" అన్నాడు కొంగ. ఆ ఫోటో బోర్లించినవాడి సంగతి అతను చెప్పలేదు.

ఈ గోలకి వ్యానులోంచి మనుషులు మెట్లెక్కి వస్తున్నారు.

"జోళ్లయినా వేసుకోనివ్వు" అంది చిట్టి. వట్టికాళ్లతో వచ్చింది, చప్పుడవకుండా. ఆమె బూట్లు గుమ్మం బయట ఉన్నాయి, బయటికి తిరిగి, పరుగుకి తయారుగా. కొంగ ఒంగి ఎడమదాన్లోంచి మేజోళ్లు తీసి విప్పాడు. లోపల ఇంకో సూది ఉంది, ఆమె తనకోసం దాచుకున్నది. దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"అదీ మిగల్చవా?" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

అతను మోకాళ్ల మీద కూర్చుని ఆమె కాళ్లకి మేజోళ్లు తొడిగాడు. బూట్లు తొడిగి లేసులు కట్టాడు. ఆమెని తీసుకెళ్లాక కూడా అక్కడే కూర్చుండిపోయాడు. ఏడుపొచ్చింది. పడుకుంటే చాలనిపించింది, ఎవరూ లేపకుండా.

మధ్యాహ్నం డాక్టరమ్మ కమిషన్ ముందు నోరు విప్పింది. సాయంత్రానికల్లా ముఠా బాసులు ఒక్కొక్కరే చిక్కారు.

డిపార్ట్‌మెంట్ కొంగకి ప్రశంసాపత్రం రాసింది, కానీ రహస్యం కాబట్టి చూపించలేదు. ఆ మిషన్ గురించి బయటి లోకంలో మిగిలిన రికార్డు ఒక్కటే. హాస్టల్ వెబ్‌సైటులో ఎవరో అమ్మాయి ఒక్క స్టార్ ఇచ్చి రాసింది: "పడకలు ఫర్వాలేదు. వేణ్ణీళ్లు వచ్చినట్టే వచ్చి పోతాయి. కానీ ఒక పొడుగు ముసలాయన లేడీస్ డార్మ్‌లో దూరి అందర్నీ లేపేస్తాడు. మర్యాద తెలియని మనిషి."