కారు ఎత్తిన ఫోన్

"ఏం బిడ్డా, ఇయ్యాలన్న వస్తదా ఫోన్?"

రాజమల్లు ఈ మాట అడగడం ఆ వారంలో ఎన్నోసారో కమలవ్వ పట్టించుకోవడం మానేసింది. పళ్లు తోముకుంటూ ఒకసారి, చాయ్ తాగుతూ ఒకసారి, కూతురు చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి ఇంకోసారి. కొత్త ఫోన్ బుక్ చేసింది హైందవి. దాని కోసం కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నది మాత్రం ఆమె తండ్రి.

"సాయంత్రం లోపట తెచ్చిస్తరట బాపూ. మెసేజ్ వచ్చింది."

"వస్తే ఇయ్యాలనే కారుకు కలుపుదాం. కింద బాబూ మియా కారు సూడు, ఎవలన్న ఫోన్ చేస్తే కారే మాట్లాడ్తది. మన కారేమో మూగదాని లెక్క పడున్నది."

"ఆ పిల్లను పోనియ్యరాదయ్యా, ఆఫీసుకు లేటయితుంది" అని కమలవ్వ టిఫిన్ బాక్సు చేతికిచ్చింది. హైందవి నవ్వి మెట్లు దిగింది. ఆ నవ్వు కింది మెట్టు దాకా కూడా నిలవలేదు.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే దారి పక్క సందులో, మొదటి అంతస్తులో వాళ్ల అద్దె పోర్షన్. సిరిసిల్ల నుంచి వచ్చిన రాజమల్లు ముప్పై ఏళ్లు అమీర్‌పేటలో జాకెట్లు కుట్టాడు. ఆయన కుట్టిన జాకెట్టు చంక దగ్గర పట్టేసిందని ఒక్క ఆడమనిషి కూడా తిరిగి రాలేదని చెప్పుకుంటాడు. అది కొంచెం ఎక్కువే చెప్పుకోవడం, అయినా ఆ గొప్ప ఆయనకు చెల్లుతుంది. పోయిన దసరాకు కళ్లు మసకబారాయి. "ఇగ చాలు బాపూ, నేను లేనా" అని హైందవే పట్టుబట్టి దుకాణం మూయించింది. కుట్టు మిషన్ సిరిసిల్లలో ఉన్న మేనల్లుడింటికి వెళ్లిపోయింది. అప్పటినుంచి రాజమల్లుకు ఉన్న పని ఒక్కటే, సందులో ఎవరు కనబడినా "మా బిడ్డ పొద్దుగాల ఎనిమిదిన్నరకు పోతది, కారుల పోతది" అని చెప్పడం.

ఆ బిడ్డకు నాలుగు నెలలుగా ఉద్యోగం లేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మీటింగుకు పిలిచి, టీమ్ మొత్తాన్నీ తీసేస్తున్నామని చెప్పి పంపించేశారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తండ్రి మెట్ల మీద కూర్చుని బాబూ మియాతో ఆమె ఆఫీసు గురించే చెబుతున్నాడు. ఆ ముఖం చూశాక రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు రాలేదు.

రోజూ ఎనిమిదిన్నరకే బయలుదేరేది. ఖైరతాబాద్ వెనక వైపు ఒక గుల్‌మొహర్ చెట్టు కింద కారు ఆపుకుని, ఎండ జరిగినకొద్దీ కారు జరుపుకుంటూ సాయంత్రం దాకా అందులోనే ఉండేది. ఒళ్లో లాప్‌టాప్, పక్క సీట్లో టిఫిన్ బాక్సు. సందులో వాళ్లెవరైనా చూస్తారేమోనని అద్దాలు పూర్తిగా ఎత్తి, చెమటలు కారుతున్నా దించేది కాదు. ఆదివారం కారు తుడుస్తూ రాజమల్లు సీటు సందులోంచి ఎండిన మెతుకులు ఏరి, "ఏందే, మీ ఆఫీసుల కూసోని తినెతందుకు జాగలేదా?" అని ఆటపట్టించాడు. ఆమె బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చింది.

పాత ఫోన్ ఆమె పాలిట శనిలా దాపురించింది. కిందపడ్డప్పటి నుంచి కారుకు కలవదు, సగం మాటలు అవతలి వాళ్లకు వినపడవు. ఒక మంచి ఇంటర్వ్యూ ఆ ఫోన్ వల్లే పోయింది. "మీ వాయిస్ రావట్లేదండీ" అని పెట్టేసిన మనిషి మళ్లీ చేయలేదు. ఇప్పుడు ఇంకో కంపెనీలో ఆఖరి రౌండ్ దాకా వచ్చింది. రేపు పది గంటలకు ఫోన్. ఇది కూడా పోతే ఇంక ఎవరి ముఖమూ చూడలేననిపించింది. అందుకే మిగిలిన డబ్బంతా ఊడ్చి కొత్త ఫోన్ తెప్పించుకుంది. తండ్రి ఏమో కారు మాట్లాడ్డం కోసమే అనుకుంటున్నాడు, పిచ్చి తండ్రి.

సాయంత్రం ఫోన్ వచ్చింది. కమలవ్వ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పీట మీద పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, బల్కంపేట ఎల్లమ్మను తలుచుకుని కొబ్బరికాయ కొట్టింది.

"అమ్మా, కెమెరా మీద పెట్టకు కుంకుమ!"

"కన్నుంటే కన్నుకు పెట్టొద్దా, నుదుటికే పెట్టాల్నా? దీనికి నుదురేది మరి?"

రాజమల్లు అప్పటికే కిందికి దిగి కారులో కూర్చున్నాడు. హైందవి పక్క సీట్లో కూర్చుని కారు తెర మీద, ఫోన్ మీద అక్కడా ఇక్కడా నొక్కింది. కాసేపటికి తెర మీద ఆమె పేరు వెలిగింది. రాజమల్లు మీసం తడుముకున్నాడు.

"మీ అమ్మకు చెయ్యి."

చేసింది. పై నుంచి కమలవ్వ గొంతు కారు నాలుగు మూలల నుంచీ ఒక్కసారే వచ్చింది. "ఏందయ్యా, అన్నం పెట్టనా?"

రాజమల్లు ఎగిరిపడి, తర్వాత చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఓ కమలా! ఎంత గట్టిగ మాట్లాడ్తున్నవే, సందంత ఇనబడుతున్నది!" నిజంగానే సందంతా వినపడింది. బాబూ మియా గేటు దగ్గరికొచ్చి "మస్తున్నది అన్నా!" అన్నాడు.

"ఇగ మల్ల మల్ల కలిపేది లేదు కదా బిడ్డా?"

"లేదు బాపూ. కారు స్టార్ట్ చేస్తే దానంతట అదే కలుస్తది."

ఆ మాట చెప్పినది ఆమే. మర్నాడు మరిచిపోయినదీ ఆమే.

మర్నాడు ఒంట్లో బాగాలేదు, ఇంటి నుంచే పని చేస్తానని చెప్పి హైందవి గది తలుపు వేసుకుంది. కారులో కూర్చుంటే హారన్ల మోత, ఇంట్లో ఫ్యాన్ కింద ప్రశాంతంగా మాట్లాడాలని. పది గంటలకు ఫోన్ మోగింది. అవతల సంగీత అనే ఆవిడ. ఇంగ్లీషులో మొదలుపెట్టి, కాసేపటికి తెలుగులోకి వచ్చింది. గొంతులో మర్యాద ఉంది. హైందవికి పాత ధైర్యం కొంచెం కొంచెంగా వెనక్కి వస్తోంది. చేసిన పనుల గురించి తడబడకుండా చెప్పింది.

సరిగ్గా అప్పుడే కింద నీళ్ల ట్యాంకర్ వచ్చింది.

"రాజమల్లన్నా! జర గాడి తియ్యి భాయ్! ట్యాంకర్ లోపలికొస్తలేదు!" అని బాబూ మియా కేకేశాడు. కారు ఇంటి దగ్గరున్న రోజు ట్యాంకర్ వస్తే ఇదే తంతు. కారు ముందుకు వెనక్కు జరిపేంత మాత్రం బాబూ మియానే రాజమల్లుకు నేర్పాడు. రాజమల్లు తాళం చెవి తీసుకుని హుషారుగా మెట్లు దిగి, అద్దాలు దించుకుని, కారు స్టార్ట్ చేశాడు.

"హైందవి గారూ, ఒక్క విషయం అడగాలండీ" అన్నది కారు.

రాజమల్లు చేయి స్టీరింగు మీదే ఆగింది.

"నాలుగు నెలల నుంచి మీరు ఖాళీగా ఉన్నారు కదా. మిమ్మల్ని తీసేశాక ఇన్నాళ్లూ ఏం చేశారు? ఏంటి కారణం, ఎక్కడా ఉద్యోగం ఎందుకు రాలేదు?"

పై గదిలో హైందవి ఫోన్ చెవికి అదుముకుంది. ఏమీ వినిపించడం లేదు. "హలో మేడమ్? హలో?" పాత ఫోన్ తెగులే దీనికీ పట్టుకుందా అనుకుంది. ఫోన్ కట్ కాలేదు, నడుస్తూనే ఉంది. కింద ఇంజన్ చప్పుడు. అప్పుడు అర్థమైంది. బాల్కనీలోకి ఉరికింది.

"హైందవి గారూ, ఉన్నారా?"

"ఎవలమ్మా మీరు?" అన్నాడు రాజమల్లు, కారు తెరకు ముఖం దగ్గరగా పెట్టి. "నేను హైందవి వాళ్ల నాయినను. మీరు ఎవలనో అనుకోని మా బిడ్డకు చేసిన్రు. మా బిడ్డ ఖాళీగ లేదు. నౌకరి చేస్తున్నది."

"సార్, ఇది..."

"అబద్ధమెందుకు చెప్త తల్లీ? రోజు పొద్దుగాల ఎనిమిదిన్నరకు పోతది. బాక్సు కట్టుకొని పోతది. చీకటి పడ్డంక వస్తది. మొకం వాడిపోతది పాపం, గంత పని చేపిస్తరు. ఖాళీగున్నది ఇంకెవలో. గా బాక్సుల అన్నం సుత..."

అక్కడ మాట ఆగిపోయింది. ఆయన చూపు పక్క సీటు మీద పడింది. ఆదివారం మెతుకులు ఏరిన సీటు.

"సార్, తర్వాత మాట్లాడతానండీ" అని సంగీత ఫోన్ పెట్టేసింది.

హైందవి కాళ్లకు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి కారు తలుపు లాగింది. "ఏం మాట్లాడినవ్ బాపూ? ఏం చెప్పినవ్ ఆమెకు?"

"ఏం చెప్పిన? నా బిడ్డకు నౌకరున్నదని చెప్పిన."

"పోయింది! ఉన్న ఒక్కటి సుత పోయింది! నేనొక మాట, నువ్వొక మాట చెప్తే ఎవలిస్తరు బాపూ నౌకరి? ఎందుకు మాట్లాడినవ్? కట్ చెయ్యరాదా? కారుకు కలుపు, కారుకు కలుపు అని నా పానం తిన్నవ్!" ఆమెకు తెలియకుండానే గొంతు పెరిగిపోయింది. ట్యాంకర్ పైపు పట్టుకున్న వాళ్లు ఆగి చూస్తున్నారు. బాబూ మియా తల తిప్పుకున్నాడు.

కమలవ్వ తడి చేతులతోనే దిగొచ్చింది. జరిగింది తెలుసుకునేసరికి ఆమెకు దుఃఖం కంటే కోపమే ముందొచ్చింది. "నాలుగు నెలలా? రోజు నా చేతుల బాక్సు తీస్కపోతివి గదనే! బాపుకు చెప్పుడు నీతోని కాకపాయె, నేనేమన్న పరాయిదాన్నా? నాకన్న చెప్పకపోయినవా?"

"ఎట్ల చెప్పాలమ్మా? దుకాణం నేను బంద్ చేపిచ్చిన. మిషన్ నేను పంపిచ్చిన. నేను లేనా అన్న. రోజు బాపు మెట్ల మీద కూసోని నా గురించి చెప్తుంటే, ఆ నోటికి నేనేం జవాబియ్యాలె?" హైందవి రోడ్డు మీదే కూలబడిపోయింది. "సచ్చిపోదామనిపించిందమ్మా రెండు మూడు సార్లు."

కమలవ్వ కోపం ఎక్కడిదక్కడే చల్లారిపోయింది. కూతురి పక్కనే నేల మీద కూర్చుని తల గుండెకేసి అదుముకుంది. రాజమల్లు కారులోంచి కదల్లేదు. కాసేపటికి చాలా మెల్లగా అడిగాడు.

"రోజు యాడ కూసున్నవ్ బిడ్డా?"

"గా సీట్లనే."

"ఎండల?"

ఆయన ఆ సీటు మీద చేయి వేసి, గుడ్డ నాణ్యం చూసినట్టు అటూ ఇటూ రాశాడు. కన్నీళ్లు ధారకట్టాయి. "నేను నవ్విన్నే" అన్నాడు భార్యతో. "మెతుకులు సూసి నవ్విన." కూతురి వైపు తిరిగాడు. "నాకు నీ నౌకరి మీద ప్రేమ అనుకున్నవా బిడ్డా? చెప్పుకునెతందుకు నాకింకేమున్నది? నీ గురించి చెప్పుకుంటున్న, అంతే. నౌకరి లేకపోతే నీ గురించి చెప్పుకోనా?"

అప్పుడు ఫోన్ మళ్లీ మోగింది. హైందవి పిడికిట్లో ఉన్న ఫోన్ కాదు, కారు మోగింది. తెర మీద అదే నంబరు. రాజమల్లు బెదిరిపోయి, "నేను దిగుత, నేను దిగుత, నువ్ మాట్లాడు" అని లేవబోయాడు. హైందవి లేచి, పక్క సీట్లోకి వచ్చి ఆయన చేయి పట్టుకుంది.

"కూసో బాపూ" అని తెర మీద నొక్కి ఫోన్ ఎత్తింది.

"హైందవి గారూ" అన్నది సంగీత గొంతు. "ఇందాక మాట్లాడింది మీ నాన్నగారా?"

"అవును మేడమ్."

"ఆయన చెప్పింది ఒకటి, మీ దరఖాస్తులో ఉన్నది ఇంకొకటి. ఏది నిజమండీ?"

కారు అద్దాలన్నీ దించి ఉన్నాయి. తల్లి, బాబూ మియా, ట్యాంకర్ వాళ్లు, మేడల మీద నుంచి తొంగిచూస్తున్న ఆడవాళ్లు. నాలుగు నెలలుగా ఎవరికి వినపడకూడదని దాక్కుందో వాళ్లందరూ అక్కడే ఉన్నారు.

"దరఖాస్తులో ఉన్నదే నిజం మేడమ్. నాకు ఉద్యోగం లేదు. తీసేశారు. ఇంట్లో చెప్పే ధైర్యం లేక రోజూ ఆఫీసుకని చెప్పి కారులో కూర్చున్నాను. మా బాపుకు ఇప్పుడే తెలిసింది. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను చెప్పిందే నమ్మాడు."

"ముందు కొంచెం మంచినీళ్లు తాగండి" అన్నది సంగీత. "పన్నెండింటికి మళ్లీ చేస్తాను. ఇస్తానని చెప్పడం లేదండీ. పూర్తిగా విని నిర్ణయం తీసుకుంటాను."

ఫోన్ ఆగింది. ట్యాంకర్ డ్రైవర్ హారన్ కొట్టబోయి మానుకున్నాడు. రాజమల్లు భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని కిందికి దిగి, తాళం చెవి కూతురి చేతిలో పెట్టాడు.

"గీడ మస్తు సప్పుడు. నువ్ రోజు ఆపే జాగకు పోదాం పా. నేను సుత సూడాలె."

కమలవ్వ పైకి పోయి బాక్సు కట్టుకొచ్చింది. ఈసారి పెద్ద బాక్సు, మూడు పళ్లేలు. ఎవరూ పిలవకుండానే వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

గుల్‌మొహర్ చెట్టు కింద కారు ఆగింది. రాజమల్లు ఆ చెట్టును, పక్కనున్న ప్రహరీగోడను, కూతురు ఒంటరిగా చూస్తూ కూర్చున్న ఆ కొంచెం రోడ్డును చూశాడు. చూడలేక తల వంచుకున్నాడు.

"ఆమె చెయ్యకపోతే బాపూ?" అన్నది హైందవి.

"చెయ్యకుంటే అన్నం తిని ఇంటికి పోదాం."

కమలవ్వ వెనక నుంచి పళ్లెం అందించింది. పప్పు వాసన కారంతా కమ్ముకుంది. హైందవి ఒక ముద్ద కలిపి, చేయి మధ్యలో ఆపింది. అలవాటు కొద్దీ వచ్చీ రాగానే అద్దాలు ఎత్తేసిన సంగతి అప్పుడు గమనించింది. ఎడమ చేత్తో తన వైపు అద్దం పూర్తిగా దించి, ముద్ద నోట్లో పెట్టుకుంది.