ఏ లాయరూ మిగలని ఊరు

పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడటం ఆవిడకు అలవాటు. ఎవరు ఫోను చేసినా మిషను ఆగదు. అల్లుడు చేస్తే మాత్రం ఆగుతుంది.

"మోకాలు ఎలా ఉందత్తయ్యా? మందు అయిపోతే చెప్పండి, పంపిస్తాను."

సొంత కూతురు కూడా ఇంత ఆప్యాయంగా అడగదని ఆవిడ బాధ. అడగదు మరి! ఆ మోకాలికి రోజూ నూనె రాసేది కూతురే. రాసేవాళ్లకు అడగాల్సిన పనేముంది?

గది అవతల కూతురు చెప్పులు వేసుకుంటోంది. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. ఇవాళ సెలవు పెట్టింది. మొగుడి దగ్గర్నుంచి బిడ్డతో పుట్టింటికి వచ్చేసిన దగ్గర్నుంచీ లాయర్ల చుట్టూ తిరుగుతూనే ఉంది. ఎల్లుండి వాయిదా. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో ఆ రోజే తేలుతుంది.

"అమ్మా, పిట్టకి కడుపులో నొప్పిగా ఉందట. సాయంత్రం బొమ్మల క్లాసుకి పంపకు," అంది. పిట్ట అంటే కూతురి కూతురు.

"సర్లే. ఆ లాయరమ్మ దగ్గరకి వెళ్లక తప్పదంటావా? నీ మీద చెయ్యన్నా ఎత్తలేదు కదే అతను!"

"బయట తాళం వేసి ఆఫీసుకి వెళ్లేవాడమ్మా."

"జాగ్రత్త ఎక్కువ మనిషి," అంది తల్లి. కూతురు సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

* * *

మధ్యాహ్నం దాటాక గానీ పిలుపు రాలేదు. లాయరమ్మ గదిలో ఫైళ్ల వాసన. పేరు అడిగి కుర్చీ చూపించింది గానీ, కూతురు నోరు తెరవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"కేసు గురించి ఒక్క మాట కూడా నాకు చెప్పకండి. మీవారు నిన్న సాయంత్రం వచ్చి, ఈ కుర్చీలోనే కూర్చుని అంతా చెప్పి వెళ్లారు. ఒకళ్లు చెప్పుకున్నది విన్నాక రెండోవాళ్ల తరఫున నిలబడటం మా వృత్తిలో కుదరదు."

మొన్న కలిసిన ముసలి లాయరూ ఇదే మాట అన్నాడు. అంతకుముందు కలిసినాయనా అంతే. ఇంత చిన్న ఊళ్లో మామూలేనని సరిపెట్టుకుంది కూతురు అప్పుడు.

"నిన్న సాయంత్రమా? నేను మీ దగ్గరకి రావాలనుకున్నదే నిన్న మధ్యాహ్నం కదండీ!"

లాయరమ్మ కలం మూసి పక్కన పెట్టింది. "నేను మీకు సలహా ఇవ్వకూడదు. ఒక్క సంగతి మాత్రం అందరికీ చెప్పేదే. కోర్టు వెనక ఉచిత న్యాయ సహాయం ఆఫీసు ఉంది. అక్కడ లాయర్ని మనం ఎంచుకోం. ఆ పూట ఎవరి వంతైతే వాళ్లని ఇస్తారు. ఎవరొస్తారో ముందుగా ఎవరికీ తెలీదు. సాయంత్రం మూసేస్తారు, ఆలస్యం చెయ్యకండి."

ఈ లాయరమ్మ సంగతి తను చెప్పింది ఈ భూమ్మీద ఒక్క మనిషికే. దారి పొడవునా ఆ మనిషి ముఖమే కళ్ల ముందు ఆడింది.

* * *

"నువ్వేనా అమ్మా?"

అబద్ధం ఆడటం తల్లికి చేతకాదు. "ఎక్కడెక్కడ తిరుగుతోందో పాపం అని అడిగాడే! చెప్పాను. వాళ్లతో మాట్లాడి రాజీ కుదురుస్తానన్నాడు. కాపురం నిలబడుతుందనుకున్నాను. నీకు నేను శత్రువునా?"

"రాజీకి కాదమ్మా! నాకు ఎవరూ దొరక్కుండా చెయ్యడానికి వెళ్లాడు. నువ్వు ఒక్కో పేరూ చెప్పడం, అతను నాకంటే ముందు వెళ్లి కూర్చోవడం! ఇంక కోర్టు వెనక ఉచిత సహాయం ఆఫీసొక్కటే మిగిలింది."

"అంత దుర్మార్గుడు కాదు. ఉండు, నీ ముందే మాట్లాడిస్తాను. నువ్వు మాత్రం నోరెత్తకు." పౌరుషంగా ఫోను తీసి, కూతురికి కూడా వినపడేలా స్పీకరు పెట్టింది.

"అత్తయ్యా! వచ్చేసిందా? కాదని ఉంటుందే లాయరమ్మ!" అవతల సన్నగా నవ్వు. "ఇంక ఊళ్లో ఎవరూ మిగల్లేదు లెండి. ఎల్లుండి కోర్టులో ఒక్కతే నిలబడాలి. జడ్జిగారు గట్టిగా ఒక ప్రశ్న అడిగితే మాట పెగలదు దానికి. పిట్ట నాతో వచ్చేస్తుంది. పిట్ట వచ్చాక అది రాక ఎక్కడికి పోతుంది? ఈసారి రెండో తాళం కూడా వేస్తా. అంతా మీ చలవే అత్తయ్యా. మీరు చెప్పకపోతే నావల్ల అయ్యేదా?"

తల్లి కుట్టుమిషను అంచు పట్టుకుంది.

"ఎల్లుండి దాకా ఎందుకులే అనిపించింది. బొమ్మల క్లాసు ఎదురుగానే ఉన్నా కార్లో. వదిలే టైము మీరే చెప్పారు కదా? పిట్ట బయటికి రాగానే ఎక్కించుకుంటా. మీ అమ్మాయికి మాత్రం చెప్పకండి."

పక్కగదిలో పిట్ట దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. కడుపునొప్పి రాకపోయి ఉంటే, ఈ పాటికి అమ్మమ్మే తల దువ్వి, చెయ్యి పట్టుకుని అక్కడ దింపి వచ్చేది. కూతురు చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అబద్ధం చేతకాని ఆవిడ గొంతు సవరించుకుంది. "అలాగే బాబూ. ఇవాళ కాస్త ఆలస్యంగా వదుల్తారట. అక్కడే ఉండు, కదలకు."

ఫోను పెట్టేసి, కూతురి వైపు తిరిగింది. "ఏదో ఆఫీసు ఉందన్నావా? ఎక్కడ? నడువు!"

పిట్టను భుజాన వేసుకుని వెనక తలుపులోంచి బయటపడ్డారు. మలుపు మలుపుకీ ఆ కారు కనిపిస్తుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచారు.

* * *

ఆఫీసులో ఆ పూట వంతు ఒక నడివయసు లాయరుది. అంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పిల్లని ఎత్తుకుపోవాలని చూశాడని జడ్జిగారికి రేపొద్దున్నే చెబుదాం. కానీ మీ మాటొక్కటే చాలదమ్మా. వినేవాళ్లకి మొగుడూపెళ్లాల గొడవలా ఉంటుంది. ఈవిడెవరు?"

"మా అమ్మ."

"అమ్మ సంగతి తర్వాత," అంది తల్లి, కుర్చీ ముందుకు లాక్కుంటూ. "సాక్షినని రాసుకోండి బాబూ. ఆ అబ్బాయి ఏమడిగాడో, నేనేం చెప్పానో, మొదట్నుంచీ చెబుతాను. బంగారంలాంటి పిల్లని నా చేతులారా పట్టివ్వబోయాను. జడ్జిగారు నన్ను ఛీ అన్నా సరే, అదీ చెబుతాను. నా తప్పు ఎక్కడా తగ్గించి రాయకండి."

తాళం వేసిన ఇంట్లో ఏడవని కూతురు, లాయర్లు తిప్పి పంపినా ఏడవని కూతురు, అప్పుడు ఏడ్చింది. తల్లి ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, లాయరు కలం తీసేదాకా కూడా ఆగకుండా చెప్పడం మొదలుపెట్టింది.